గాలి పుట్టిల్లు, నీటి అత్తిల్లు

డిటెక్టివ్ అన్నవాడికి ఈర్ష్య ఉండకూడదంటారు. కంట్లో కారం పడ్డవాడికి ఆధారం కనపడదట. ఆ లెక్కన ఆరా ఈ వృత్తికి బొత్తిగా పనికిరాడు. సముద్ర వాతావరణ కేంద్రం గేటులో ఆగి ఉన్న పోలీసు జీపును చూడగానే అతని కంట్లో కారమూ కడుపులో మంటా కలిసి ఒక పూట వంటకు సరిపడా పోగయ్యాయి.

ఆ జీపు అతని తోడల్లుడిది.

ఆరా అన్నది అసలు పేరు కాదు. అందరి ఆరాలూ తీస్తాడు గనక అంటుకున్న పేరు. ఇంట్లో భార్య కూడా దాన్నే ఖాయం చేసింది: "ఆరా గారూ, లోకం సంగతి తర్వాత, ముందు దండెం మీద బట్టలు ఆరాయో లేదో చూడండి." ఆమె అక్క మొగుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. తోడల్లుడన్న మాటలో తోడు సగం, అల్లుడు సగం ఉండాలి. ఈయనలో తోడు నిల్లు, అల్లుడు ఫుల్లు. అత్తగారింట్లో ఇన్‌స్పెక్టరు కూర్చునేది మెత్తటి కుర్చీలో, ఆరా కూర్చునేది మిగిలిన కుర్చీలో. "మా పెద్దల్లుడు దొంగల్ని పడతాడు, చిన్నల్లుడు దొంగలెక్కడున్నారో కనుక్కుంటూ తిరుగుతాడు" అని ఆవిడ చుట్టాలకు పరిచయం చేస్తుంది. అబద్ధం కాదు గనకే అంత మంట.

మెట్ల మీదే ఎదురొచ్చింది, అతన్ని ఫోన్ చేసి పిలిపించినావిడ.

"మీరేనా డిటెక్టివ్? మా ఆయన్ని స్టేషన్‌కి తీసుకుపోతామంటున్నారండీ! అక్కేమో సముద్రంలో ఉండిపోయింది. ముందు ఎవరి కోసం ఏడవాలో కూడా తెలియట్లేదు."

"ఏడుపు తర్వాతమ్మా. మొదట్నించీ చెప్పండి. కళ్ళు కాదు, నోరు తెరవండి."

ఆవిడ ముక్కు తుడుచుకుని చెప్పింది. ఈ కేంద్రం పెట్టింది ఆవిడ తండ్రి, అందరూ పెద్దాయన అంటారు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది సముద్రంలో తేలుతూ గాలినీ అలల్నీ కొలిచే బోయాలు బాగుచేసే ఇంజనీరు. మనిషిని చేసుకోలేదు, సముద్రాన్ని చేసుకుంది. చిన్నది ఈవిడే. ఈవిడ భర్త వాతావరణం చదివాడు. గాలి, అలలు, ప్రవాహాలు, నీటి వేడి, అన్నిటినీ రంగుల్లోనూ బాణాల్లోనూ తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు తయారుచేశాడు. దానికి 'చూపుడువేలు' అని పేరు పెట్టాడు. ఇవాళ పెద్ద పెద్దవాళ్ళు దాన్ని చూడ్డానికి రావాల్సింది.

"పొద్దున్న ఐదున్నరకి తెర మీద మా నడిసముద్రపు బోయా గాలి కనపడ్డం మానేసింది. దాని చోట తెల్లటి గండి. 'బోయా మూగబోయింది, అతిథులొచ్చేలోగా చూసొస్తా' అని అక్క ఆరింటికి చిన్న బోటేసుకుని ఒక్కతే వెళ్ళింది. ఏడింటికి రేడియోలో ఒక్క మాట పెట్టింది. ఇంజిన్ ఆగిపోయింది, కొట్టుకుపోతున్నా, అడుగునుంచి నీళ్ళొస్తున్నాయి అని. ఆ టైములో వినే నాథుడు లేడు. తొమ్మిదింటికి నేనొచ్చి రికార్డు వింటే తెలిసింది. అప్పట్నించీ వెతుకుతూనే ఉన్నారు."

"ఇప్పుడు ఒంటిగంటయింది. మరి మీవారి తప్పేంటి?"

"అది మీ బంధువునే అడగండి," అందావిడ. ఊళ్ళో అందరికీ తెలుసు కాబోలు, ఎవరు ఎవరికి ఏమవుతారో.

*

లోపల హాల్లో ఒక గోడంతా కొత్త తెర. దాని చుట్టూ గోడ మీద, పాత పటాలు తీసేసిన చోట్ల, సున్నం రంగు మారని పలకలు తెల్లగా కనపడుతున్నాయి. తెర మీద సముద్రం నీలంగా ఉంది. మధ్యలో బోయా చుక్క, దాని చుట్టూ బాణాలు, ఈశాన్యం వైపు విసిరేసినట్టు ఓ ఎర్రటి మచ్చ.

ఆ మచ్చ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు ఇన్‌స్పెక్టరు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మీసం.

"రా తమ్ముడూ! ఆలస్యమైంది. కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసుకి మనిషి దొరకాలి కదా అన్నగారూ. దొరికారా?"

"నేరస్థుడు దొరికాడు. మనిషి దొరుకుతుంది." ఇన్‌స్పెక్టరు లాఠీతో ఎర్రమచ్చను తట్టాడు. "కొట్టుకుపోయే బోటు ఎక్కడికి చేరుతుందో ఈ చూపుడువేలు లెక్కేసి చూపిస్తుంది. ఇవాళ నీటి ప్రవాహం నీరసంగా ఉందట. అంచేత గాలి ఎటు నెడితే బోటు అటు. రెండు బోట్లు పంపాను."

"నాలుగు గంటలుగా వెతుకుతున్నారు. కనపడలేదు."

"సముద్రం అత్తగారిల్లు కాదు, నాలుగు గదులు వెతికి రావడానికి."

అత్తగారి మాట రాగానే ఆరాకి మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని, "పెద్దాయన అల్లుడి మీద అనుమానమెందుకు?" అన్నాడు.

"అనుమానం కాదు, రుజువు. బోయా మూగబోలేదు, తమ్ముడూ. ఈ సాఫ్ట్‌వేరులో ప్రతి పరికరం పక్కనా ఒక గడి ఉంటుంది. టిక్కు తీసేస్తే అది దాగిపోతుంది. దాని ఆ రోజు లెక్కలు చెరిగిపోతాయి, దాగినంతసేపూ కొత్తవి నిలవ కావు. ఐదున్నరకి ఎవరో టిక్కు తీశారు. తొమ్మిదీ పదికి మళ్ళీ పెట్టారు. మధ్యలో పోయిన గాలిని చేత్తో అంకెలేసి పూడ్చారు. రెండూ ఆ అల్లుడి కుర్చీలోంచే జరిగాయి. పెద్దాయన కేంద్రాన్ని పెద్దకూతురి చేతిలో పెడదామనుకుంటున్నారు. అల్లుడికి వదిన మీద కుళ్ళు. బోయా నోరు నొక్కి, ఆవిడ్ని సముద్రంలోకి రప్పించి, ఇంజిన్ చెడగొట్టాడు. ఈర్ష్య, తమ్ముడూ. సాటివాడు పైకొస్తుంటే ఓర్వలేని జబ్బు. నీకు తెలియదులే."

ఆరా దగ్గాడు. "ఆ చేత్తో వేసిన అంకెలు దొంగవైతే? బోట్లు తప్పుడు దిక్కున తిరుగుతున్నట్టే కదా!"

"అంత అమాయకుణ్ణా? పెద్దాయన్ని అడిగాను. అంకెలు చదివి వినిపించాను. నలభై ఏళ్ళు సముద్రం పటాలు గీసిన మనిషి. 'అంకెలు సరైనవే, వీటి ప్రకారమే వెతకండి' అన్నారు. పొద్దున్న గాలి ఎటు వీచిందో ఒడ్డున మనకు తెలీదు, కొండ అడ్డం. బోయా మళ్ళీ పలికేసరికి సముద్రం మీద కూడా గాలి పడిపోయింది. ఇంకెవర్ని అడగను?"

గాలిని చూసినవాళ్ళు లేరు. గాలిలో మాటలు మాత్రం బోలెడున్నాయి. ఆరా ఆ అంకెల కాగితం అడిగి తీసుకుని, అల్లుణ్ణి చూడనిమ్మన్నాడు.

"చూడు. కానీ పది నిమిషాలే. ఆ తర్వాత స్టేషన్‌కి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మెత్తటి కుర్చీలో కూర్చున్నవాడి ధీమాతో.

*

అల్లుణ్ణి సామాన్ల గదిలో, తీగల చుట్టల మధ్య కూర్చోబెట్టి కాపలా పెట్టారు. ముప్ఫై అయిదేళ్ళవాడు. భయం కంటే అలసట ఎక్కువగా ఉంది మొహంలో.

"వదిన దొరికిందా?" అన్నాడు ఆరాని చూడగానే. తన సంగతి అడగలేదు. ఆరా అది మనసులో రాసుకున్నాడు.

"ఇంకా లేదు. తొమ్మిదీ పదికి మీరెక్కడున్నారు?"

"హాల్లో బల్ల కింద. తెర వైర్లు కలుపుతున్నాను."

"సాక్షులు?"

"బల్ల."

"బల్లగుద్ది చెప్పడానికి బల్ల ఒక్కటే ఉందన్నమాట. మీ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చా?"

"ఎవరైనా. నేను కంప్యూటరుకి తాళం వెయ్యను. మా ఆవిడ తిడుతూనే ఉంటుంది, నోటికీ తాళం లేదు, మిషన్‌కీ తాళం లేదని. తొమ్మిదిన్నర నుంచి నన్ను ఇక్కడే పెట్టారు. తెర చూడనివ్వలేదు. ఏం అంకెలు వేశారో కూడా నాకు చెప్పలేదు."

ఆరా కాగితం చూపించాడు. అల్లుడు చదివి కనుబొమలు పైకెత్తాడు.

"రెండొందల ఇరవై అయిదు... రెండొందల ముప్ఫై ఆరుంపావు... మళ్ళీ ఇరవై అయిదు... ముప్ఫై ఆరుంపావు. పావేంటి? గాలికి పావు డిగ్రీ ఎవరు వేస్తారండీ, కూరగాయల బేరమా? మేం గండి పూడ్చాల్సొస్తే పదుల్లో వేస్తాం. రెండొందల ఇరవై, ముప్ఫై. నా చేతిలోంచి ఈ పావు రాదు."

"సరే, పావు పక్కన పెట్టండి. రెండొందల ఇరవై అయిదంటే ఏ దిక్కు?"

"నైరుతి."

"నైరుతి వైపు పోయే గాలి."

"కాదండీ! నైరుతి నుంచి వచ్చే గాలి."

ఆరా తెర మీది బాణాలు గుర్తు చేసుకున్నాడు. "మరి బాణాలు ఈశాన్యం వైపు చూస్తున్నాయే?"

"అవును. బాణం గాలి పోయే వైపు చూస్తుంది. అంకె గాలి వచ్చిన వైపు చెబుతుంది."

"ఒక్క గాలికి రెండు దిక్కులా! ఇదేం దిక్కుమాలిన పద్ధతి?"

ఆ స్థితిలోనూ అల్లుడికి నవ్వొచ్చింది. "కొత్తగా చేరినవాళ్ళకి నేను ఇలా చెబుతాను. మా శాస్త్రంలో గాలి ఎదురైతే 'అమ్మాయ్, మీ పుట్టిల్లెక్కడ' అని అడుగుతాం. ప్రవాహం ఎదురైతే 'మీ అత్తిల్లెక్కడ' అంటాం. గాలి ఎక్కణ్ణించి వచ్చిందో అదే దాని పేరు. నీరు ఎక్కడికి పోతోందో అదే దాని పేరు. గాలివాళ్ళం ఒకలా, నీటివాళ్ళు ఒకలా, ఎప్పట్నించో అంతే. అలవాటైనవాడికి ఆలోచన కూడా రాదు."

"నైరుతి నుంచి గాలి పొద్దున్నే వీయడం మామూలేనా?"

"మామూలే. నేల నైరుతిలో ఉంది కదా, చాలా పొద్దులు నేల మీంచి సముద్రంలోకే వీస్తుంది. ఇవాళ అంతేనా అంటే, చూడకుండా ఎలా చెప్పను?"

ఆరా లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "మీ మామగారికి మీరంటే?"

అల్లుడు తీగల వైపు చూశాడు. "మంచివారే. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ నన్ను 'ఆ అబ్బాయి' అంటారు."

*

పెద్దాయన గది మేడ మీద. అందులోకి అడుగుపెట్టగానే ఆరాకి హాల్లో గోడ మీద తెల్లపలకలు మిగిల్చిన పటాలు ఎక్కడికి వచ్చాయో తెలిసింది. ఆ పటాలన్నీ ఇక్కడున్నాయి. గోడకి జాగా చాలక కుర్చీల మీద, మంచం మీద, నేల మీద నిలబెట్టి ఉన్నాయి. చేత్తో గీసిన సముద్రాలు. ఒక్కో ప్రవాహానికీ వెంట్రుకంత సన్నటి సిరా బాణం. ఇంత ఓపిక మనిషికి పనికిరాదు, దేవుడికే కావాలి అనుకున్నాడు ఆరా. గదిలో కంప్యూటరు లేదు, తెర లేదు.

పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళు సముద్రం వైపే ఉన్నాయి.

"మా అమ్మాయి కబురా?"

"ఇంకా లేదండీ. అంకెల ప్రకారమే వెతుకుతున్నారు."

"అంకెలు సరైనవే," అన్నాడు పెద్దాయన, అడక్కుండానే. "దొరుకుతుంది. అంకెలు సరైనవి."

"ఎటు వెతుకుతున్నారో చూశారా?"

"ఆ బొమ్మ నేను చూడను. అంకెలు విన్నాను, చాలు."

"మీ అల్లుడుగారి బొమ్మ లోకమంతా చూస్తోందటగా."

పెద్దాయన మొహంలో ఏదో ముడుచుకుంది. "ఆ అబ్బాయి తెలివైనవాడు. చాలా తెలివైనవాడు. కాదనను. కానీ..."

ఆ 'కానీ'ని ఆరా గుర్తుపట్టాడు. ఆ 'కానీ' తనది. 'మా తోడల్లుడు సమర్థుడే, కానీ' అని తను రోజుకి ఎన్నిసార్లు అనుకుంటాడో! కానీకి కొరగాని ఆ మాట వెనక ఎంత మంట దాచవచ్చో, దాన్ని మోసినవాడికే తెలుసు. ఎదుటివాడి గొప్ప ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, చివర్లో చిటికెడు విషం.

"కానీ?" అన్నాడు మెల్లిగా.

"కానీ వాడు సముద్రం ఎక్కలేదు. నేను ఎక్కాను. నలభై ఏళ్ళు. ఒక్కో బాణానికి ఒక్కో రాత్రి వాంతులు చేసుకుని గీశాను. వాడొచ్చి, మీట నొక్కాడు. అతిథులొస్తున్నారు, గోడ కావాలి, మీ పటాలు కాస్త తీయించండి మామగారూ అన్నాడు. కాస్త!"

బల్ల మీద ఇత్తడి దిక్సూచి ఉంది. పాత ఓడలది. ఆరా వంగి చూశాడు. నాలుగు దిక్కులు కాదు, ఎనిమిది కాదు. రేకులు విప్పిన పువ్వులా లెక్కలేనన్ని.

"ఇన్ని దిక్కులున్నాయేంటండీ? మాకు ఒక్క దిక్కే దిక్కులేదు."

"ముప్ఫై రెండు," అన్నాడు పెద్దాయన. గురువుగారి గొంతు వచ్చేసింది, ఆ బాధలోనూ. "పాత నావికుల లెక్క. చుట్టూ మూడొందల అరవై డిగ్రీల్ని ముప్ఫై రెండు రేకులు చేస్తారు. ఒక్కో రేకు పదకొండుంపావు."

పావు.

నైరుతి రెండొందల ఇరవై అయిదు. దాని మీద ఇంకొక్క రేకు వేస్తే రెండొందల ముప్ఫై ఆరుంపావు.

ఆరాకి మొదట సంతోషమేసింది. సిగ్గులేని సంతోషం. తోడల్లుడు తప్పు! మెత్తటి కుర్చీ, ఇస్త్రీ మీసం, అన్నీ తప్పు! ఆ సంతోషం మెట్లు సగం దిగేదాకా ఉంది. సగం మెట్ల మీద కాలు ఆగింది.

పెద్దాయన నీటివాడు. జన్మంతా ప్రవాహాలు గీసినవాడు. పొద్దున్న బోయాని దాచేముందు తెర మీద గాలి బాణాలు చూసి ఉంటాడు. అల్లుడి తెర అతిథుల ముందు తెల్లటి గండితో వెలవెలబోవాలనే దాచాడు. కూతురు దాన్ని చూసి సముద్రంలోకి వెళుతుందని కల్లో కూడా అనుకోలేదు. తొమ్మిదింటికి ఆ రికార్డు వినగానే కాళ్ళ కింద నేల పోయి ఉంటుంది. పరిగెత్తి టిక్కు పెట్టాడు. గండి పూడ్చాడు. అబద్ధంతో కాదు, నిజంతోనే! కళ్ళతో చూసిన బాణాల్ని గుర్తు చేసుకుని, మొన ఎటుందో అటు అంకె వేసి, ఎవరైనా చూస్తారేమోనని తెర చూడకుండానే పారిపోయాడు.

మొన. అత్తిల్లు!

గాలిని అడగాల్సింది పుట్టిల్లు. మిషన్ నైరుతిని పుట్టిల్లనుకుని బోటుని ఎదురు దిక్కుకి తోసేసింది. బిడ్డని కాపాడడానికి వేసిన అంకె బిడ్డ నుంచి బోట్లని దూరంగా తీసుకుపోయింది. నాలుగు గంటలుగా.

*

"బోట్లు తిప్పించు!" అంటూ హాల్లోకి దూకాడు ఆరా. "అన్నగారూ, ఎర్రమచ్చ తప్పు. ఆవిడ ఎదురువైపుంది. నైరుతిలో."

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాలంటే ఇరవై చేశావు. ఎవరన్నారు?"

"నేనంటున్నాను. అంకెలు వేసింది పెద్దాయన."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కానిస్టేబుళ్ళ కోసం కొంచెం గట్టిగా నవ్వాడు. "కన్నకూతుర్ని సముద్రంలో పెట్టుకుని దొంగ అంకెలు వేశాడా? తమ్ముడూ, నీకు నేనంటే పడదని తెలుసు. ఇంత అనుకోలేదు. నీ మాట మీద బోట్లు కాదు కదా, అత్తగారింట్లో కుర్చీ కూడా తిప్పను."

"ఆ కుర్చీ నీకే ఉంచుకో!" ఆరా గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "విను. ఈ కేసు నీదే. పేపర్లో నీ ఫోటోనే. అత్తగారికి నేనే ఫోన్ చేసి చెబుతాను, పెద్దల్లుడు తేల్చాడని. నేను ఇక్కడికి రానేలేదు. అడుక్కుంటున్నాను, అన్నగారూ. బోట్లు తిప్పు."

తోడల్లుడి మొహంలో నవ్వు చెరిగిపోలేదు గానీ ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది.

"నువ్వు అడుక్కున్నావంటే..." అని ఆగాడు. "నువ్వు చచ్చినా అడుక్కోవు. రుజువు చూపించు. ఒక్కటి."

"పెద్దాయన్ని కిందికి పిలిపించు. ఈ తెర ముందుకి. ఏమీ అడక్కు. ఊరికే చూడమను."

పెద్దాయన చిన్నకూతురి భుజం పట్టుకుని మెట్లు దిగాడు. తెర వైపు చూడకుండా, బోసిపోయిన తన గోడ వైపు మాత్రం చూస్తూ వచ్చాడు. పగ ఎంత పాతదైనా దాని చూపు తిన్నగానే ఉంటుంది.

"పెద్దయ్యా, ఎక్కడ వెతుకుతున్నామో ఒక్కసారి చూసి చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన తలెత్తాడు. బాణాల్ని చూశాడు. ఎర్రమచ్చని చూశాడు. నోరు తెరుచుకుంది.

"ఇదేంటి? ఇటు కాదు! బాణాలు ఇటు లేవు! పొద్దున్న ఒడ్డు వైపు చూస్తున్నాయి! నేను చూశాను, అన్నీ ఒడ్డు వైపే..."

మాట అక్కడ తెగింది. అది ఎవరు అనగలరో ఆయనకే తెలిసొచ్చింది. ఐదున్నర తర్వాత ఆ బాణాల్ని ఎవరూ చూడలేదు. దాచిన చేతికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"నాన్నా," అంది చిన్నకూతురు. భుజం మీది చేతిని తీయలేదు, పట్టుకోనూలేదు.

పెద్దాయన నేల మీద కూర్చుండిపోయాడు. "ఒక్క పూట... ఒక్క పూట వాడి బొమ్మలో బొక్క కనపడాలనుకున్నానమ్మా. ఒక్క పూట. అది వెళుతుందని నాకేం తెలుసు? అంకె నేనే వేశాను. మొన ఎటుంటే అటే వేశాను. ఎప్పుడూ అంతే వేస్తాను. ఎప్పుడూ..."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని చూడ్డం మానేసి కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "అల్లుణ్ణి తీసుకురా. పరిగెత్తు."

*

అల్లుడు కుర్చీలో కూర్చోగానే ప్రశ్నలేవీ వేయలేదు. కాగితం చూశాడు, నేల మీది మామగారిని చూశాడు, అర్థం చేసుకున్నాడు. అలాంటివాడి మీద ఈర్ష్య పడకుండా ఉండడం నిజంగా కష్టమే అనుకున్నాడు ఆరా. ప్రతి అంకెలోంచీ నూట ఎనభై తీసేసి మీట నొక్కాడు.

తెర మీద బాణాలన్నీ ఒక్కసారి తలలు తిప్పాయి. ఈశాన్యంలోని ఎర్రమచ్చ కరిగిపోయి, బోయాకి ఇవతల, ఒడ్డుకి దగ్గరగా, నల్లగా పళ్ళలా పొడుచుకొచ్చిన రాళ్ళ మూలలో మళ్ళీ పుట్టింది.

"నల్లరాళ్ళ మూల!" అంది చిన్నకూతురు. "ఇంత దగ్గరా! రోజూ అక్కడ యాభై పడవలుంటాయే. ఒక్కళ్ళైనా చూసుండాలి కదా అక్కని?"

"ఇవాళ పడవల్లేవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పొద్దున్నుంచి అటు ఎవర్నీ పోనివ్వట్లేదు. రేవు లోతు చేయడానికి నీళ్ళ కింద రాళ్ళు పేలుస్తున్నారు. రెండింటికి."

హాల్లో గడియారం ఒంటిగంటా నలభై అయిదు చూపిస్తోంది.

"ఆపించు!" అన్నాడు ఆరా.

ఇన్‌స్పెక్టరు అప్పటికే భుజం మీది రేడియో నొక్కుతున్నాడు. పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గరగర తప్ప జవాబు లేదు. ఫోన్ తీశాడు. అదీ మోగి మోగి ఊరుకుంది. చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

"కట్టేసుంటారు. పేల్చే మందుకి కరెంటు తీగలు కలిపాక, రేడియో నొక్కితే దానంతటదే అంటుకునే ప్రమాదముంది. అందుకని అక్కడ రేడియోలు, ఫోన్లు అన్నీ గంట ముందే కట్టేయిస్తారు. ఆ ఆర్డరు మీద సంతకం నాదే."

కొండ అవతలనుంచి సైరన్ వినిపించింది. పొడుగ్గా, తీరిగ్గా, ఆవులించినట్టు.

"ఇది మొదటి కూత. మూడో కూతకి మీట నొక్కుతారు." ఇన్‌స్పెక్టరు జేబులోంచి జీపు తాళం తీసి ఆరా మీదికి విసిరాడు. "నువ్వు నడుపు. నేను తోవ చెబుతా."

ఇద్దరూ మెట్లు మూడేసి చొప్పున దిగారు. వెనకాల అల్లుడి గొంతు, చిన్నకూతురి గొంతు, వాటికి అడుగున పెద్దాయన ఏడుపు. ఆరా జీపుని గేటు అవతలికి దూకించాడు. మలుపులో టైర్లు అరిచాయి. పక్కన తోడల్లుడు పట్టుకోడానికి ఏమీ లేనట్టు తన లాఠీనే పట్టుకుని కూర్చున్నాడు.

"పది నిమిషాల్లో చేరతాం," అన్నాడు ఆరా. "అక్కడ కాపలా ఎవరు?"

"మావాళ్ళే. దారికి అడ్డంగా ఇనప గేటు, నలుగురు మనుషులు."

"హమ్మయ్య! నిన్ను చూడగానే తీస్తారు."

ఇన్‌స్పెక్టరు లాఠీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. రోడ్డు మీదికే చూస్తున్నాడు.

"తీయరు," అన్నాడు. "పోయినసారి ఎవడో నా పేరు చెప్పి లోపలికి పోయాడు. అందుకని ఇవాళ పొద్దున్న నేనే గట్టిగా చెప్పాను. రెండు దాటేదాకా ఎవరొచ్చినా తీయొద్దు, ఏం చెప్పినా నమ్మొద్దు, ఆఖరికి నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా సరే. నా మాట జవదాటరు తమ్ముడూ. ఒక్కడు కూడా జవదాటడు."

తోడల్లుడి మాటకి లోకంలో విలువ లేకుండా పోవాలని ఆరా ఎన్నేళ్ళుగానో కోరుకుంటున్నాడు. దేవుడు ఆ కోరిక ఎప్పుడైనా తీర్చదలిస్తే, ఇదే అదను.

కొండ మలుపు తిరిగేసరికి దూరంగా ఇనప గేటు కనపడింది. దాని ముందు నలుగురు కానిస్టేబుళ్ళు జీపుని చూసి, గుర్తుపట్టి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. గేటు మాత్రం తీయలేదు.

రెండో కూత మొదలైంది.